మామగారి బండి, మా ఇంటి కుక్కరు

మా పెండ్లికి మామగారు పెట్టిన స్ప్లెండర్‌ది మా కాపురం వయసే. 1998 మోడల్. 97.2 సీసీ ఇంజను, ఏడు గుర్రాల పైచిలుకు బలం. అందులో రెండు ఎప్పుడో మేతకు పోయాయి. వీర్నపల్లిలో ఈ బండి మీద చెయ్యి వేసే అర్హత నాకొక్కడికే ఉందని ఇన్నేళ్లూ నమ్మాను. బడిలో వాయుపీడనం పాఠం చెప్పినవాణ్ని మరి.

పోయిన చలికాలం దానికి కొత్త రోగం పట్టుకుంది. చోక్ వేస్తే తప్ప చాలు కాదు, తీస్తే ఆగిపోతుంది. వేడెక్కాక ఎక్సలేటర్ వదిలినా రేసు దిగదు. ఎల్లారెడ్డిపేట దారిలో దిగుడు వచ్చిందంటే సైలెన్సర్ టపటపా పేలుతుంది. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అన్నీ చెప్పేది ఒకటే: ఇంజన్లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతున్నాయి. ఆ గాలి ఫిల్టరు దారిన కాక దొంగదారిన వస్తోంది.

ఇంత తెలిసినవాణ్ని ఏం చేశాను? ప్లగ్గు మార్చాను. ఎయిర్ స్క్రూ అటూ ఇటూ తిప్పాను. తర్వాత పెట్రోల్లో కలిపే ఇథనాల్ పాత రబ్బర్లను ఎలా చెడగొడుతుందో మా ఆవిడకు అరగంట పాఠం చెప్పాను.

"మా బాపు ఇచ్చినప్పుడు మంచిగనే ఉండె. నువ్వు ముట్టినంక గిట్లయింది" అంది.

పౌరుషం పొడుచుకొచ్చింది. ఇస్త్రీకి వాడే నీళ్ల సీసా ఎత్తుకుపోయి, బండి చాలు చేసి, జాయింటు జాయింటుకూ కొట్టాను. కార్బొరేటర్ ఇంజను గొట్టానికి అతుక్కునే చోట నీళ్లు పడగానే సప్పుడు మారింది, రేసు ఒక్క క్షణం కుంగి మళ్లీ లేచింది. దొంగ దొరికాడు! (కొందరు ఇదే పరీక్షకు పెట్రోలు చుక్కలు వేస్తారు. వేడి ఇంజను మీద ఆ పని చేయకండి, మీసాలు మీవి.)

విప్పితే రబ్బరు రింగు పలకబారి ఉంది. కొత్తది కావాలంటే సిరిసిల్ల పోవాలి. సిరిసిల్ల పోవాలంటే బండి కావాలి. ఇల్లంతా వెతికాను. పెట్రోలు పడని రబ్బరు అని తెలిసి కూడా, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కుక్కర్ గ్యాస్కెట్ కోశాను. జానెడు ముక్కను బ్లేడుతో చెక్కి, గమ్ముతో గుండ్రంగా అతికించి బిగించాను.

సాయంత్రానికి మా ఇంట్లో రెండు లీకేజీలు. బండి బయటి గాలిని లోపలికి పీలుస్తోంది, కుక్కరు లోపలి ఆవిరిని బయటికి కక్కుతోంది.

"కుక్కర్ కూత పెడ్తలేదేంది?" అని ఆమె మూత తిప్పి చూసింది.

"ఎలుక కావచ్చు" అన్నాను.

"ఎలుక బ్లేడుతోని కోస్తదా?"

మర్నాడు బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని సిరిసిల్లలో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పోయాం. గ్యాస్కెట్ కొనాలని ఆమె కూడా వచ్చింది. ఉబ్బి ఊడిపోయిన నా కళాఖండాన్ని మేస్త్రీ రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. కార్బొరేటర్‌ను ఒక అద్దం ముక్క మీద బోర్లించి వెలుతురుకు పెట్టాడు. అంచు కింద సందు కనబడింది.

"సార్, రింగుది తర్వాత. దీని చెవులే వంగినయి. రెండు బోల్టులు మస్తు గట్టిగ బిగిచ్చిన్రు. ఎవలు బిగిచ్చిన్రు?"

నెలనెలా క్లీనింగ్ పేరుతో విప్పి, ఒంట్లో బలమంతా పెట్టి బిగించిన వీరుడి వైపు మా ఆవిడ తిరిగింది. నేను రోడ్డు వైపు తిరిగాను.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఇంజెక్షనే. రోగమొస్తే కంప్యూటర్ తగిలించి చూస్తారు. ఈయనకు అద్దం ముక్క చాలింది. దాని మీదే ఎమరీ కాగితం పరిచి, అంచు సమమయ్యేదాకా రుద్ది, కొత్త రింగు వేసి మెల్లగా బిగించాడు. ఒక్క కిక్కుకే చాలయింది.

రింగుకు 20 రూపాయలు, గ్యాస్కెట్‌కు 140. నా పది నంబరు పానా ఇప్పుడు వంటింట్లో పోపుల డబ్బా వెనక ఉంటోంది. కావాలంటే ఆమెను అడగాలి.