పసుపు లైటు

తుడియలూరులో మేట్టుపాళయం రోడ్డుకు దగ్గరగా ఉండే మా మామ కారులో ఒకరోజు ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. 2014 మోడల్ బండి. నడక బాగానే ఉంది, మైలేజీ కాస్త తగ్గింది, అంతే. వర్క్‌షాపుకు పోతే కంప్యూటర్ పెట్టి చూడటానికే వెయ్యి రూపాయలన్నారు.

"చూసేదానికే వెయ్యా? ఆ మిషనే కొనేస్తాను పో" అని వచ్చేశాడు మామ.

అనగలడు కూడా. డ్యాష్‌బోర్డు మీటర్లు చేసే ప్రైకాల్ పక్కనే పెరియనాయకన్‌పాళయంలో ఉంది. పంపులూ మోటార్లూ చేసే మా కోయంబత్తూరులో యంత్రం విప్పడానికి ఎవడూ భయపడడు. పైగా జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చికీ పళనికీ మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టిన కథ మామ చెబుతుంటే, ఆ బస్సులో టిక్కెట్లు కొట్టింది తనేనేమో అనిపిస్తుంది.

ఫోనులో వెతికితే ఐదువందల నుంచి అరవై వేల దాకా స్కానర్లు కనిపించాయి. మామ వీధి చివరి మెకానిక్ పిల్లగాణ్ణి పిలిపించాడు. వాడూ మన తెలుగువాడే, మామా అనే పిలుస్తాడు.

"స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉండాది చూడు, అందులో గుచ్చేది. మన దేశంలో 2010లో బీఎస్-4 పొగ రూల్సుతో, బండి తన జబ్బు తనే చెప్పే ఈ ఓబీడీ మొదలైంది, 2013 నుంచి రెండో రకం. నీ బండి దాని తర్వాతది కాబట్టి చవకదైనా చాలు. కానీ చవకవాటిలో మాయ ఉండాది మామా."

మాయ నిజమే. ఈ చవక స్కానర్లలో చాలావాటి మీద ఉండే పేరు ఈఎల్ఎం 327. కెనడాలో ఓ చిన్న కంపెనీ చేసిన చిప్ అది. మొదటి వెర్షన్‌కు కాపీ కొట్టకుండా తాళం వెయ్యలేదు. ఇంకేముంది, నకళ్లు లోకమంతా పాకాయి. అసలు కంపెనీ 2022లో మూతపడింది. నకళ్లు మాత్రం చిరంజీవులు.

"1.5 అని రాసుంటారు. ఆ కంపెనీ ఆ నంబరుతో ఎప్పుడూ చెయ్యనే లేదు. అయినా అదే మేలు. 2.1 అని గొప్పగా రాసినవాటిలో చానావాటికి పాత కె-లైన్ భాష రాదు. నీ బండి మాట్లాడేది అదే. వాపసు తీసుకునేచోట కొను. నీది ఆండ్రాయిడ్ ఫోను గదా, బ్లూటూత్‌ది చాలు. ఐఫోన్ అయితే మామూలు బ్లూటూత్‌ది పనికిరాదు."

మామ ఇదంతా క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. ఆఖర్న ఒక్కటే అడిగాడు: "లైటు ఆర్పేది ఉందా అందులో?"

"అన్నిట్లోనూ ఉండాది. కోడ్లు చెరిపేది ఆరువందలదీ చేస్తుంది, అరవై వేలదీ చేస్తుంది. బాగుచేసేది రెండూ చెయ్యవు." వాడు లేస్తూ ఇంకోమాట అన్నాడు. "కోడ్లు చూసి వదిలేయొద్దు మామా, పక్క పేజీ కూడా..."

మామ అప్పటికే ఆర్డర్ పెట్టేస్తున్నాడు.

అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన నీలం డబ్బీ వచ్చింది. గుచ్చగానే పీ0420 అని చూపింది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచెయ్యడం లేదని దాని అర్థం. కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. అంటే మోటారు సామాను కొట్లో కాదు, నగల కొట్లో అడగాల్సిన ధర. అది విన్న క్షణం నుంచి మామకు రిపేరు మీద మనసు విరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు బండి నిలబెట్టి ఫోనులో 'చెరుపు' నొక్కాడు. లైటు ఆరిపోయింది. ఎక్కడా ఆగకుండా గాంధీపురంలో పాత బండ్లు మార్చుకునే బ్రోకరు దగ్గరికి పోయాడు.

బ్రోకరు 2016 మోడల్ తెల్లబండి ఒకటి చూపించాడు. తుడిచి, మెరిపించి, సీట్లకు కొత్త కవర్లు తొడిగి ఉంచాడు. మామ సంచిలోంచి నీలం డబ్బీ తీసి గుచ్చాడు. కోడ్లు సున్నా. పక్కనున్నవాళ్లకు ఫోను తిప్పి మరీ చూపించాడు.

"మీరు కూడా పెట్టారు గదణ్ణా, నేనూ ఒకసారి పెడతానంగా" అంటూ బ్రోకరు తన డబ్బీ తెచ్చి మామ బండిలో పెట్టాడు. ఫోను కేసి కాసేపు చూశాడు. ఏదో పేజీ తిప్పాడు. చిన్నగా నవ్వాడు.

"సరింగణ్ణా. బండికి బండి. పైన ఒక్క రూపాయి వద్దు."

మామ పైన నలభై వేలిచ్చేందుకు సిద్ధపడి పోయినవాడు! ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఫారం 29, ఫారం 30 మీద అక్కడికక్కడే సంతకాలు పెట్టేశాడు.

ఇంటికొచ్చి గేటు ముందు హారన్ కొట్టి మెకానిక్‌ను పిలిచాడు.

"నా బండి కన్నా రెండేళ్లు కొత్తదిరా! నయాపైసా ఇయ్యలేదు. నువ్వే చూడు, ఒక్క కోడ్ లేదు."

వాడు డబ్బీ గుచ్చి, మామ ఎప్పుడూ తెరవని పేజీ తెరిచాడు.

"కోడ్లు చెరిపినాక నడిచిన దూరం అని ఇక్కడ రాసుండాది చూడు మామా. పది కిలోమీటర్లు."

"అయితే ఏమిరా?"

"గాంధీపురం నుంచి ఇక్కడికి ఎంత?"

మామ ముఖం ఎర్రబడింది. "దొంగ నా కొడుకు! నన్నే మోసం చేసినాడా? ఇప్పుడే పోయి నా బండి నాకిమ్మని..."

"నీ బండిలో లైటు ఎక్కడ ఆర్పినావు మామా?"

"ఈడనే. ఈ గేటు ముందరే."

"అయితే వాడికీ పదే కనిపించుంటుంది."