పేరు అచ్చేసుకున్నాడు

పాలాయన ఆవు గౌరి మేత ముట్టడం మానేసింది. నెమరు ఆగిపోయింది. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతోంది. పశువుల డాక్టరు చూసి, "కడుపు నిండా కవర్లే. కోసి తీయాల్సిందే" అన్నాడు. పొద్దున పాలు పితికి రోడ్ల మీదికి వదిలేసే ఏ ఆవుకైనా ఇదే గోస.

ఖర్చంతా తానే పెట్టుకుంటానని మా వీధి మాస్టారు ముందుకొచ్చారు. గోవులో ముక్కోటి దేవతలు కొలువుంటారని మనసారా నమ్మే మనిషి. కనుమ నాడు గౌరికి పసుపు కుంకుమ పెట్టి ప్రదక్షిణ చేయనిదే మంచినీళ్లు ముట్టరు. మొన్న మాఘంలో కొత్తింట్లోకి అందరికన్నా ముందు గౌరినీ దూడనీ నడిపించారు. హాల్లో పేడ వేస్తే లక్ష్మి వచ్చిందని కళ్లు తుడుచుకున్నారు. భోజనాలయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కరినీ వదలకుండా తాంబూలాలిచ్చి పంపారు.

డొక్క దగ్గర మత్తు సూదులిచ్చి, ఆవును నిలబెట్టే కోశారు. డాక్టరు మోచేతి దాకా చెయ్యి దూర్చి ముద్దలు ముద్దలుగా లాగుతున్నాడు. పాల ప్యాకెట్లు, ముడి విప్పని కూరల కవర్లు, పురికొసలు, ఓ మేకు.

"పశువు ఏరుకుని తినదు మాస్టారూ. లోపల అరటితొక్క వాసనొస్తే కవరుతో సహా నాలుకతో చుట్టి మింగేస్తుంది. అది అరగదు, బయటికీ రాదు. పొట్టలో చోటంతా అదే ఆక్రమిస్తే ఇక మేతకి చోటెక్కడిది?"

బకెట్టు నిండింది. ఇంకోటి తెచ్చారు.

మాస్టారి గొంతు వణికింది. "120 మైక్రాన్లలోపు కవర్లు 2022 డిసెంబరు 31తోనే ఆపేయాలన్నారు కదండీ! ఇంకా ఎవరు కొంటున్నారు? ఎవరు పంచుతున్నారు? గోమాత కడుపులో విషం పోసినవాడు ఏ గంగలో మునిగితే పాపం పోతుంది?"

ముడివేసి ఉన్న కవరొకటి డాక్టరు చేతికి తగిలింది. నీళ్లలో జాడించి విప్పాడు. లోపల వక్కపొడి పొట్లం, పసుపు కుంకుమ ప్యాకెట్లు. పైన అచ్చు చెక్కుచెదరలేదు.

"ఎవరో మహానుభావుడు పేరు కూడా వేయించుకున్నాడు. నా కళ్లద్దాలు లేవు, మీరే చదవండి" అని మాస్టారికి అందించాడు.

పైన ఆవూ దూడా బొమ్మ. దాని కింద 'మా నూతన గృహప్రవేశానికి విచ్చేసిన మీకు ధన్యవాదాలు'. ఆ కింద మాస్టారి పేరు, ఆయన భార్య పేరు.