నెలకు 69 రూపాయలే!

ట్రాంబేలో పుట్టిన టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసి అమ్మకానికి పెట్టిన ఈసీఐఎల్, హైదరాబాద్ శివారు దమ్మాయిగూడకు ఆటో దూరం. ఆ కంపెనీలో పనిచేసి రిటైరైన ఒక దమ్మాయిగూడ పెద్దాయనకు తన ఉద్యోగ జ్ఞాపకాలూ పాత ఫొటోలూ పెట్టుకునేందుకు సొంత వెబ్‌సైట్ కావాలనిపించింది. బోర్డులకు సోల్డరింగ్ చేసిన చేతులాయె, హోస్టింగ్ కొనడం ఒక లెక్కా అనుకున్నారు.

లెక్కే.

ఒక హోస్టింగ్ కంపెనీ పేజీలో నెలకు 69 రూపాయలే అని ఎర్రటి అక్షరాలు. 80 శాతం తగ్గింపు. పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుందంటూ పరుగెత్తే గడియారం. పెద్దాయన టీ తాగొచ్చి పేజీ మళ్ళీ తెరిస్తే, ఆ పది నిమిషాలు పదిలంగా అలాగే ఉన్నాయి.

"మామా, పైన అంకె కాదు, కింద సన్నటి అక్షరాలు సదువు" అన్నాడు మేనల్లుడు. 48 నెలల డబ్బు ఒక్కసారే కట్టాలట: 3,312. దానిపై 18 శాతం జీఎస్టీ, ఇంకో 596. వెరసి 3,908 రూపాయలు. నాలుగేళ్ళు గడిచాక నెలకు 349. తగ్గింపు ఎంతో గట్టిగా చెప్పారు, ఎన్నాళ్ళో గొణిగారు.

ఇక 'అన్‌లిమిటెడ్' స్టోరేజీ. మెస్‌లో అన్‌లిమిటెడ్ భోజనం బోర్డు చూసి మూడోసారి పప్పు అడిగినప్పుడు సర్వరు చూసే చూపుంటుందే, అది ఈ కంపెనీల షరతుల పేజీలో ఉంటుంది: జాగాకు హద్దు లేదు గానీ ఫైళ్ళ సంఖ్యకు ఉంది.

99.9 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషాలు సైటు పడుకోవచ్చని అర్థం. గాలివాన వచ్చిన రాత్రి కరెంటు కోసం ఎదురుచూసే కాలనీకి అది పెద్ద లోటనిపించలేదు.

"సర్వర్ ఎక్కడుంటుంది? సింగపూరా?" అదొక బెంగ. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ రీజియన్ తెరిచిందని తెలిసి పెద్దాయన ఉప్పొంగారు. నాలుగు వ్యాసాలకూ నలభై ఫొటోలకూ అంత హంగెందుకని మేనల్లుడు ఆపాడు. పోనీ సైటు పేరైనా తెలుగులో కావాలన్నారు పెద్దాయన. '.భారత్' దొరుకుతుంది. కాకపోతే కంప్యూటర్ కడుపులో అది 'ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ'. కొన్ని చోట్ల అతికిస్తే ఆ రూపంలోనే బయటపడుతుంది. పెద్దాయన '.ఇన్' చాలన్నారు.

మరి ఉచితం? ఉచితానికీ ఒక చరిత్ర ఉంది. 1994లో మొదలైన జియోసిటీస్ ఊరికే జాగా ఇచ్చింది. 1999లో యాహూ కొన్నది, 2009లో మూసేసింది. జపాన్ శాఖ మాత్రం ఇంకో పదేళ్ళు బతికింది. జనం కట్టుకున్న పేజీల్లో కొన్నిటినే ఔత్సాహికులు కాపాడారు. అదే కాలంలో, 1998లో పుట్టిన తెలుగు పత్రిక 'ఈమాట' ఇన్నేళ్ళ తరవాతా సొంత చిరునామాలో పాఠకులకు అందుతోంది. చిరునామా మన చేతిలో ఉంటే అద్దె ఇల్లు ఎన్నిసార్లైనా మారవచ్చు.

చివరికి ఆ చిరునామాను, అంటే డొమైన్‌ను, ఒక చోట డబ్బిచ్చి పెద్దాయన పేరుమీదే కొన్నారు, మేనల్లుడి పేరుమీద కాదు. పేజీలను గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టారు. అక్కడ సైటుకు 1 జీబీ పరిమితి, ఫొటోలు కాస్త కుదిస్తే సరిపోయింది. మొత్తం కాపీ ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఉంది. దుకాణం లేని, లాగిన్ లేని చిన్న సైటుకు హోస్టింగ్ కొననక్కర్లేదు. కొనాల్సివస్తే మాత్రం మొదటి ధర వదిలేసి, రెన్యువల్ ధర ఎంతో అడగండి.