పరగడుపు సీసా

నేను వంద మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్రల సీసాని. సూరత్‌లోని ఆల్థాన్‌లో ఓ అపార్ట్‌మెంటు పడగ్గది అల్మారాలో ఉంటాను. వంటింటి వేడి, స్నానాలగది చెమ్మ నాకు పడవు. ఇంటివాళ్లది వరంగల్ వైపు. ఆయన సాంచల (మరమగ్గాల) మేస్త్రీ. ఆమెకు గొంతు గడ్డతోపాటు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఆ గ్రంథి కొలువు నాకు దక్కింది.

ఈ ఆపరేషన్‌లో మరణాలు బాగా తగ్గించి, థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్నాడు స్విట్జర్లాండ్ సర్జన్ కోహర్. అయితే గ్రంథి పూర్తిగా తీయించుకున్న ఆయన రోగుల్లో చాలామంది తర్వాత ఒళ్లు ఉబ్బి, బుద్ధి మందగించి కుంగిపోయారు. పాపం, అప్పటికి నేను పుట్టలేదు. నన్ను గ్రంథిలోంచి విడదీసింది 1914లో, అమెరికాలో కెండాల్.

మొదటి వారాల్లో పేరంతా నా పక్కనున్న కాల్షియం మాత్రలదే. థైరాయిడ్‌ని అంటుకుని ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఆపరేషన్‌లో నలిగితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. ఆమెకు పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలాడితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేశారు. కొంకర్లు పోయేదాకా ఆగకపోవడమే మంచిదైంది. కాల్షియానికీ నాకూ మాత్రం నాలుగు గంటల ఎడం ఉండాలి. కలిసి వెళ్తే అది నన్ను ఒంటికి పట్టనివ్వదు.

చాయ్‌తోనూ అదే పేచీ.

"చాయ్ తాగి ఏస్కోరాదు బిడ్డా, ఉత్త కడుపుల మందేంది?" అంటుంది అత్తమ్మ రోజూ.

"గంట ఆగి తాగుతా అత్తమ్మా." గొంతు ఇంకా బొంగురే. స్వరాన్ని నడిపే నరం థైరాయిడ్ వెనకనుంచే పోతుంది మరి. సాంచల మోతలో అరిచి మాట్లాడే ఆయన, ఇప్పుడు ఆమె మాట వినడానికి పక్కన కూర్చుంటున్నాడు. నీళ్ల క్యాన్లు కూడా ఆయనే ఎత్తుతున్నాడు. సాయంత్రం నడకకు వెళ్తే, మచ్చ మీద ఎండ పడకుండా ఆమె చున్నీ చుట్టుకుంటుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. రక్తంలో నేను సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఒక రోజు మింగకపోయినా ఏమీ తెలియదు. బాగానే ఉన్నామనుకుని నన్ను మానేసేవాళ్లు దెబ్బతినేది అక్కడే. ఆరేడు వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తేగానీ నా కొలత సరిపోయిందో లేదో తేలదు.

మొన్న పక్కింటి గుజరాతీ ఆవిడ వచ్చింది. తన కోడలికీ థైరాయిడేనట, నాలుగు మాత్రలిమ్మంది. అత్తమ్మ అప్పటికే నా మూత తిప్పుతోంది. మా ఇల్లాలు నన్ను లాక్కుని, "డాక్టర్‌కు చూపెట్టుండ్రి బెన్, ఒకరి డోసు ఒకరికి పనికిరాదు" అంది.

"నాలుగు గోలీలకు గింత పిసినారితనమా!" అని అత్తమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.