ఐదు రోజుల సద్ది

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల్లో దానికి చేరే ఒక చిన్న గెడ్డ నా ఊరు. నేను జీబ్రా చేపను. బొటనవేలంత ఒళ్లు, దాని పొడవునా నీలి చారలు.

గంగా పరీవాహక చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వేసిన పుస్తకంతో మా జాతి శాస్త్రానికెక్కింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ, ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలల్లోనూ మావాళ్లున్నారు. మా గుడ్డు పారదర్శకం. లోపల గుండె కొట్టుకోవడం మొదలవడం కూడా కనిపిస్తుంది. మనుషుల జన్యువుల్లో సుమారు 70 శాతానికి మాలో జోడీ ఉందని 2013లో తేల్చారు. అందుకే మాకు జరిగేది మీకూ పట్టాలి.

వానాకాలం తెల్లవారుజామున, మడి గట్టు పక్కన నిలకడ నీటిలో గుడ్లు పెడతాను. అవి గులకరాళ్ల సందుల్లోకి జారిపోతాయి. మాలో తల్లి కాపలా ఉండదు. నేనివ్వగలిగేదల్లా పచ్చసొన. రెండు మూడు రోజులకు పిల్ల బయటికొస్తుంది. వేటాడటం వచ్చేదాకా, అంటే దాదాపు ఐదో రోజు దాకా, ఆ సొనే దాని సద్దిమూట. కొవ్వు, మాంసకృత్తులతో పాటు నా థైరాయిడ్ హార్మోన్ కూడా అందులో కట్టి పంపుతాను. ఎందుకంటే పిల్ల సొంత థైరాయిడ్ పని మొదలుపెట్టేది మూడో రోజు దరిదాపుల్లోనే. మీకున్నట్టు మాకు అది ఒకే గ్రంథిగా ఉండదు, మొప్పల కింది రక్తనాళం వెంబడి చెదురుమదురుగా ఉంటుంది. ఒంటి శక్తి ఖర్చును నడిపించడంలో, ఈత సంచిని గాలితో నింపడంలో ఆ హార్మోన్‌ది పెద్ద చెయ్యి.

థైరాయిడ్ బాధ ఈ కొండ జనానికి తెలియనిది కాదు. వానలు మట్టిలోని అయోడిన్‌ను కడిగేస్తే గొంతు ముందు ఉబ్బు వచ్చేది. అయోడిన్ ఉప్పు దాన్ని చాలావరకు తగ్గించింది. కానీ ఈమధ్య మా కల్వర్టు కింద పడుతున్న పాత సోఫా స్పాంజికి, పగిలిన టీవీ పెట్టెలకు ఉప్పు మందు కాదు.

అలాంటి వస్తువుల్లో, త్వరగా మండకుండా, బ్రోమిన్ ఉన్న పీబీడీఈలనే రసాయనాలు కలిపేవారు. నిప్పు భయం నిజమైనదే, కాదనను. అయితే ఆ రసాయనం ప్లాస్టిక్‌తో గట్టి బంధం కట్టుకోదు. మెల్లగా ఊడి దుమ్ములోకి, బురదలోకి, మా కొవ్వులోకి చేరుతుంది. దాని రూపమే మాకు చేటు. థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్‌లో రెండు వలయాలను ఒక ఆక్సిజన్ కలుపుతుంది, వాటి మీద నాలుగు అయోడిన్లు. పీబీడీఈలోనూ రెండు వలయాలు, నడుమ ఆక్సిజన్. అయోడిన్ ఉండాల్సిన చోట బ్రోమిన్.

చైనాలో వూహాన్ జలజీవశాస్త్ర సంస్థవారు మావాళ్లను ఈ పీబీడీఈలున్న నీటిలో పెంచారు. తల్లుల హార్మోన్ అదుపు తప్పింది. ఆ రసాయనమూ, అదుపు తప్పిన థైరాక్సినూ కలిసే గుడ్లలోకి దిగాయి. పిల్లలు గుడ్డులోంచి బయటపడటం తగ్గింది, ఎదుగుదల కుంటుపడింది. ఆ పిల్లలను ఎవరూ విషంలో ముంచలేదు. అమ్మ కట్టిన మూటలోనే అది ఉంది. తల్లిగా నాకు ఇంతకంటే భరించలేని మాట లేదు.

స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం 2009లో కొన్ని పీబీడీఈలను నిషేధ జాబితాలో చేర్చింది. భారత ప్రభుత్వం 2018 మార్చి 5న వాటి తయారీ, వాడకం, దిగుమతి ఆపుతూ నిబంధనలు తెచ్చింది. మంచి పనే. కానీ పాత స్పాంజి ఇంకా గెడ్డలో నానుతోంది. పైగా ఖాళీ అయిన చోటికి ఫాస్ఫరస్ రసాయనాలు వచ్చాయి. వాటిలో టీడీసీపీపీ మా పిల్లల్లో థైరాక్సిన్‌ను తగ్గించింది. ట్రైఫినైల్ ఫాస్ఫేట్ మావాళ్ల కాలేయంలో చక్కెర, కొవ్వు జీవక్రియలను చెదరగొట్టింది. ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని పెట్టేముందు మమ్మల్ని అడిగి ఉండాల్సింది.

అడిగే పద్ధతి లేకపోలేదు. 2013లో దేశాల కూటమి ఓఈసీడీ మా గుడ్లతోనే 96 గంటల పరీక్షను ఖాయం చేసింది. అందులో చూసేవి నాలుగు గుర్తులు: గుడ్డు గడ్డకట్టిందా, వెన్ను కండాల ఖండాలు ఏర్పడలేదా, తోక సొన నుంచి విడివడలేదా, గుండె ఆగిందా. నాలుగూ చావు గుర్తులే. బతికి ఉండి, సద్దిని సరిగా శక్తిగా మార్చుకోలేక చిక్కిపోయే పిల్ల ఆ లెక్కలోకి రాదు. ఐదో గుర్తుగా థైరాక్సిన్‌ను కూడా కొలవండి. రసాయనం అంగడికెక్కక ముందే కొలవండి.