బానెట్ ఎత్తకుండా కారు కొంటారట!

ఈ కాలం పిల్లలకి కూరగాయలు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. కానివ్వండి. కానీ పదేళ్లు నలిగిన కారుని కూడా ఫోన్‌లోనే చూసి, ఫోన్‌లోనే అడ్వాన్సు కొట్టేస్తున్నారే, అక్కడే నాకు ఒళ్లు మండేది. మా మనవడు ఒక హోండా సిటీ చూపించాడు. 2014 మోడలు, పెట్రోలు, తెల్లరంగు. తళతళలాడే ఫోటోలు బోలెడు. "రెండొందల పాయింట్లు చెక్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారు తాతయ్యా" అన్నాడు గర్వంగా. "పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి చూశావురా?" అన్నాను. బండినే ఇంకా చూడలేదట! రిపోర్టు చూశాడట.

మా రోజుల్లో పాత కారంటే రెండే. అంబాసిడర్, లేకపోతే ఫియట్. ఆ ఫియట్‌కి తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చారు గానీ మా బెజవాడలో ఎవడూ అలా పిలిచిన పాపాన పోలేదు. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి దిగేదాకా ఇదే భాగోతం. అందుకని పాత బండికే గిరాకీ. దాన్ని కొనడానికి ఒక్కడే వెళ్లడమనేది లేదు. కొనేవాడు, వాడి బావమరిది, ట్రాక్టరు తోలిన అనుభవం ఉన్న ఒక పెద్దమనిషి, వీళ్లందరికీ ముందు ఆటోనగర్ మేస్త్రీ. ఆయన్ని ఇంటికెళ్లి పిలుచుకొచ్చేవాళ్లం, దారిలో కాఫీ ఇప్పించేవాళ్లం.

మేస్త్రీ ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి జేబులో తెచ్చుకునేవాడు. దాన్ని మడ్‌గార్డు మీద, తలుపుల కింది అంచుల మీద మెల్లగా జరిపేవాడు. రేకున్నచోట పట్టుకునేది, లప్పం పెట్టినచోట జారి కింద పడేది. తర్వాత సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి తిప్పేవాడు. పొడి మసైతే సరే, జిడ్డు అంటితే మొహం చిట్లించేవాడు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, ఆ కంతకి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. పొగ బుసబుసమని చేతికి కొట్టిందంటే రింగులు పోయాయని, బోరు చేయించాలని అర్థం. మా నాన్న సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టే ఉండేది ఆ చూపు. చివరికి అమ్మేవాడి మొహం చూడకుండా ఒక్క మాట అనేవాడు. "కొంచెం తగ్గిస్తే తీసుకోవచ్చు" అనైనా అనేవాడు, "టైమైంది, వెళ్దాం పదండి" అనైనా అనేవాడు. రెండోది విన్నామంటే ఇక ఆ బండి ఊసు ఎత్తేది లేదు.

మోసాలు అప్పుడు లేవని కాదు. మీటరు కేబులు ఊడదీసి తిప్పేవాళ్లు. చప్పుడూ పొగా తెలియకుండా ఇంజనులో చిక్కటి ఆయిలు పోసి తెచ్చేవాళ్లు. అయితే పొద్దున్నే హ్యాండిలు కొడితే ఆ గుట్టు రట్టయ్యేది, చెయ్యి తిరగనంత బరువుగా ఉండేది.

నిజం చెప్పొద్దూ, ఆ బళ్లు నమ్మకమైనవని నేననను. ఎండాకాలం హైదరాబాదు బయల్దేరితే సూర్యాపేట దగ్గర రేడియేటరులో నీళ్లు పోయకుండా వెళ్లినవాణ్ణి నేనెరగను. కానీ ఆ బండి తన రోగం తానే ముందుగా చెప్పుకునేది. గేరు కరకరలాడేది, క్లచ్చి కమిలిన వాసన వేసేది, స్టీరింగు చేతిలో గిలగిలలాడేది. మీరు వినకపోతే అది మీ ఖర్మ. ఇప్పటి కారు అలా కాదు. పెట్రోలు ఎంత పొయ్యాలి, నిప్పు ఎప్పుడు రగలాలి అన్నీ లోపలున్న కంప్యూటరే సర్దుకుంటుంది. అరిగిన భాగం అరిగినట్టు తెలియనివ్వదు. పైన ప్లాస్టిక్ మూత, చప్పుడు బయటికి రాకుండా దళసరి మెత్త. ఒకరోజు పొద్దున్న కదలదంతే.

పోనీ, ఎర్రదీపమో పసుపుదీపమో వెలిగి చెబుతుందిగా అంటారు. ఆ దీపాన్ని చెరిపేసే యంత్రం ఇప్పుడు ప్రతి గ్యారేజీలోనూ ఉంది. అందుకని ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఒక్క మెట్టు తిప్పి చూడండి. ఇంజను బొమ్మ, ఎయిర్‌బ్యాగు బొమ్మ రెండూ వెలగాలి. ఎయిర్‌బ్యాగుది కొన్ని క్షణాలకి ఆరిపోవాలి, ఇంజనుది స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగనే వెలగలేదంటే ఎవడో పీకేశాడన్నమాట. మెకానిక్కు స్కానరు పెట్టినప్పుడు తప్పులేమీ లేవని చూపించినా మురిసిపోకండి. తప్పుల్ని చెరిపితే బండి తనని తాను చేసుకునే పరీక్షలు కూడా చెరిగిపోతాయి. అవి "పూర్తి కాలేదు" అని కనిపిస్తే, మీరొచ్చే ముందే ఎవరో చెయ్యి పెట్టారేమోనని అనుమానించాల్సిందే. రెండొందల పాయింట్ల కాగితంలో ఈ ముక్క ఎక్కడుందో మా వాణ్ణి వెతకమన్నాను. ఇంకా వెతుకుతున్నాడు.

కిలోమీటర్ల సంగతి మరీ ఘోరం. అప్పుడు కేబులు ఊడదీయాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి, టీ చల్లారేలోపు లక్షా ముప్పైవేలని నలభై రెండువేలు చేసేస్తారు. మీటరుని కాదు, బ్రేకు పెడలు రబ్బరుని అడగండి. గీతలన్నీ అరిగి నున్నగా ఉంటే నలభైవేల బండి కాదది. స్టీరింగు పైభాగం నిగనిగలాడటం, డ్రైవరు సీటు కుడి అంచు కుంగిపోవడం, బెల్టు అంచులు పీచులు రావడం, ఇవి అబద్ధమాడవు. ఎంత తిరిగితే షోరూము సర్వీసుకి వెళ్లిందో ఆ లెక్క కూడా ఆ షోరూములోనే ఉంటుంది. ఓనరుని వెంటబెట్టుకెళ్లి అడిగితే తెలుస్తుంది. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. అయిదు టైర్లూ చూడండి, స్టెప్నీతో సహా.

వరద బళ్ల గురించి చెప్పకపోతే బెజవాడ వాడినే కాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఎన్ని కార్లు బానెట్ దాకా మునిగాయో అక్కడివాళ్లని అడగండి. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లోనూ అదే కథ. మునిగిన అంబాసిడర్‌ని ఆయిలు మార్చి, ప్లగ్గులూ ప్లాటినం పాయింట్లూ ఆరబెట్టి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లం. ఇప్పటి కారులో వైర్లు కార్పెట్ కిందే పరుచుకుని ఉంటాయి. వాటి కనెక్టర్లు లోలోపల పచ్చగా తుప్పుపట్టి, నెలల తర్వాత ఒక్కొక్కటీ మొరాయిస్తాయి. అమ్మేవాడు మాత్రం శుభ్రంగా కడిగి, సెంటు కొట్టి పెడతాడు. కారు నిండా మల్లెపూల వాసన గుప్పుమంటే ముందు అనుమానించండి. సీటు బెల్టు చివరికంటా బయటికి లాగితే బురద గీత కనిపిస్తుంది. డిక్కీలో స్టెప్నీ కింది గుంట, సీటు కింది పట్టాల మీది తుప్పు, ఇవి కడిగినవాడికి గుర్తుండవు.

గుద్దిన బండిని పట్టుకోవడానికి అయస్కాంతం ఇప్పటికీ పనికొస్తుంది, బంపరు ప్లాస్టిక్కు కాబట్టి అక్కడ తప్ప. బానెట్ బోల్టుల తలల మీద రంగు చెదిరిందంటే స్పానరు పడిందన్నమాటే. తలుపు రబ్బరు కొంచెం లాగి చూస్తే కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా కనిపించాలి. నడిపేటప్పుడు పాటలు పెట్టనివ్వకండి. ఏసీ వేసి అరగంట తిప్పండి, గతుకుల రోడ్డు మీద కూడా. స్టీరింగు పూర్తిగా తిప్పి గుండ్రంగా తోలితే చక్రాల దగ్గర టకటక వినబడకూడదు. హ్యాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్చి వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా రొద పెడుతుంటే క్లచ్చి ప్లేటు ఖర్చు బేరంలో కలుపుకోండి.

కాగితాల విషయంలో మాత్రం ఈ కాలానికే నా ఓటు. అప్పట్లో చెదలు కొట్టిన ఆర్‌సీ పుస్తకం పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. ఇప్పుడు బండి నంబరు కొడితే ఎన్నో ఓనరో, ఫైనాన్సు ఉందో లేదో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకానో, చలానాలు ఎన్నో తెలుస్తాయి. అయినా మా పిల్లలు దాన్నే చూడరు! ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండికి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికి నిషేధం పెట్టాక, అక్కణ్ణుంచి చవగ్గా కార్లు మన వైపు దిగుతున్నాయి. చవక చూసి ఎగబడతారు. ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ టాక్సు లెక్కేసేసరికి ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది. ఎక్కడి బండైనా రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండబోతోందేమో చూసుకోండి. రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు, 2022 ఏప్రిల్ నుంచి 5,000. మా వాడు చూసిన 2014 మోడలు కంటే పాత హోండా సిటీ కొంటే మరో పని ఉంది. 2013 దాకా తయారైనవాటిలో కొన్నిటికి తకాటా ఎయిర్‌బ్యాగులు లోపమని కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. మార్చారో లేదో చాసిస్ నంబరు చెబితే షోరూములో చూసి చెబుతారు.

సీటు కవర్లకీ, సౌండు సిస్టానికీ వేలకి వేలు పోస్తారు. కొనే ముందు మెకానిక్కుకి వెయ్యి రూపాయలు ఇమ్మంటే మాత్రం "రిపోర్టు ఉందిగా తాతయ్యా" అంటారు. పదేళ్లు దాటిన డీజిలు జోలికి నేనైతే పోను. ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కటి పోయిందంటే మైలేజీలో మిగిలిందంతా దానికే. ఒకే ఇంట్లో తిరిగిన పెట్రోలు బండి, సర్వీసు బిల్లులు దాచుకున్న ఓనరు, ఈ రెండూ దొరికితే అది మారుతీయా, హోండాయా, టయోటాయా అని కూడా నేను అడగను. పసుపు బోర్డు తీసేసి తెల్ల బోర్డు వేసుకున్న ట్రావెల్సు డిజైరు, ఎటియోసు మాత్రం వద్దు. ఎంత తిరిగిందో దాని ఓనరుకే తెలియదు.

మా వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందురోజు రాత్రే అమ్మేవాడికి ఫోన్ చేసి "రేపు పొద్దున్న మేమొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండి" అని మర్యాదగా చెప్పండి. ఏడింటికల్లా మెకానిక్కుని తీసుకుని వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే బేరమాడకుండా వెనక్కి వచ్చేయండి.