పట్టా ఉన్నోడు బాయిలో.. లేనోడు బయట!

బెల్లంపల్లిలో ఒకప్పుడు బొగ్గుబాయి దిగేవాణ్ని ఏం చదివావని ఎవరూ అడగలేదు. తట్టా చెమ్మస్ (గంప, పార) ఎత్తగలిగితే చాలు. ఇప్పుడు సింగరేణిలో కారుణ్య కొలువు దొరికితే బీటెక్ పట్టా బీరువాలో పెట్టి కార్మికుడిగా చేరే కొడుకులున్నారు.

కోడ్ రాసే కొలువులది ఇంకో లీల. సివిల్ చదివినా, మెకానికల్ చదివినా పర్వాలేదు, అమీర్‌పేటలో కొన్నాళ్లు జావా నేర్చుకుని చేరిపోవచ్చు. ఇంటర్‌తో ఆపి సొంతంగా కోడింగ్ పట్టేసిన పిలగాడికి మాత్రం చాలా కంపెనీల్లో దరఖాస్తే తెరుచుకోదు. టెన్త్‌లో 60 శాతం, ఇంటర్‌లో 60, బీటెక్‌లో 60, బ్యాక్‌లాగ్‌లు సున్నా! టెన్త్ సోషల్‌లో పోయిన మార్కులు ప్రోగ్రాములో బగ్గులై తేలతాయని కంపెనీల భయం కాబోలు.

చెన్నై కేంద్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో మాత్రం ఇంటర్, డిప్లొమా పిల్లలకు తానే డబ్బులిచ్చి నేర్పించి ఉద్యోగమిస్తోంది. వాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ 'మా సృష్టికర్త ఏ కాలేజీ?' అని ఇంతవరకు మొరాయించలేదు.

అయితే ప్రోగ్రామర్‌కు డిగ్రీ అక్కర్లేదా? కంప్యూటర్‌ను ఒప్పించడం తేలికే. హెచ్‌ఆర్‌నూ ఎలాగోలా ఒప్పించొచ్చు. పిల్లనిచ్చే మామను ఒప్పించే కోడ్ మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు!